అమ్మ మాట అయ్యేదాకా

మొదటి ఇంటర్వ్యూలో అమ్మని ఐదు ప్రశ్నలు అడిగారు. నాలుగింటికి నాన్న జవాబు చెప్పాడు. ఐదోదానికి నేను చెప్పాను.

అది వానలు మొదలైన వారం. అమ్మ పనిచేసే చేతి తొడుగుల ఫ్యాక్టరీలో, మేనేజరు గదిలో, బల్ల మీద కంప్యూటరు పెట్టారు. తెర మీద ముగ్గురు కనిపించారు. ఆ దేశం ఎంత దూరమంటే, మేం మధ్యాహ్నం భోంచేసి వచ్చి కూర్చుంటే వాళ్ళు అప్పుడే నిద్ర లేచి వచ్చినట్టున్నారు. ఏడాదిలో సగం చలి, అందులో సగం చీకటి. చేతికి తొడుగు లేకుండా అక్కడెవరూ గడప దాటరు. అంతటి దేశంలో తోలుని చేత్తో సాగదీసి కత్తిరించేవాళ్ళు ఒక్కొక్కరే పోయి, ఆ కంపెనీలో చివరికి ఒక్కరూ మిగల్లేదట. కొత్తగా చేర్చుకున్న ఎనిమిదిమందికి ఆ పని నేర్పే మనిషి కావాలి. ఎనిమిది నెలలు అక్కడే ఉండాలి. అమ్మ కత్తిరించిన జతలు నాలుగు పంపిస్తే చూసి, ఈమెతో మాట్లాడతామన్నారు.

ఇంటాయన పక్కనుంటే ఆవిడకి ధైర్యంగా ఉంటుందని మేనేజరే నాన్నని రమ్మన్నాడు. నేను సెలవు పెట్టి మరీ వెళ్ళాను.

"మీ పనిలో మీకు బాగా ఇష్టమైనదేమిటి?" అని ఇంగ్లీషులో అడిగారు వాళ్ళు, మేనేజరు తెలుగు చేసి చెప్పాడు. అమ్మ ఊపిరి తీసుకునేలోపు నాన్న, "అన్నీ ఇష్టమేనండీ ఆవిడకి. పనంటే ప్రాణం," అన్నాడు. మిగతావీ అలాగే నడిచాయి. చలికి తట్టుకోగలరా అని అడిగినప్పుడు నాన్న నీళ్ళు తాగుతున్నాడు కాబట్టి నేనందుకున్నాను. "మా అమ్మకి చలి పడదు గానీ సర్దుకుంటుందండీ," అన్నాను. అమ్మ తల ఊపింది. బయటికొచ్చాక నాన్న గొడుగు విప్పుతూ, "బాగానే చెప్పావే," అన్నాడు అమ్మతో.

నాలుగు రోజులకి ఉత్తరం వచ్చింది. మేనేజరు చదివి వినిపించాడు. "ఆమె చేతులు చూశాం. మనిషిని ఇంకా కలవలేదు. తొమ్మిది వారాల తర్వాత మళ్ళీ మాట్లాడదాం. అప్పుడు కూడా కలవలేకపోతే వేరేచోట వెతుక్కుంటాం." ఈలోపు అక్కడి పద్ధతులు నేర్పడానికి ఒకావిడని పంపిస్తామని కూడా రాశారు.

"ఎదురుగా కూర్చుంటే కలవలేదంటారేంటి?" అన్నాడు నాన్న. అమ్మ ఆ ఉత్తరం అడిగి తీసుకుంది. నాలుగు మడతలు పెట్టి కళ్ళజోడు డబ్బాలో దాచుకుంది. రోజూ ఫ్యాక్టరీకి వెళ్ళేటప్పుడు దాన్ని వెంట తీసుకెళ్ళేది. ఆమెకి వెళ్ళాలని ఉందని మాకు తెలిసింది అప్పుడే. అంతకుముందు మేమెవరం అడిగిన పాపాన పోలేదు.

నాన్న గురించి చెప్పాలి. ఆయన బస్సు కండక్టరు. ముప్ఫై ఏళ్ళ సర్వీసు. మనిషి ఎక్కిన తీరు చూసి ఎక్కడ దిగుతాడో చెప్పేస్తాడు. వాళ్ళు నోరు తెరిచేసరికి టికెట్టు చేతిలో ఉంటుంది. బంధువుల్లో ఆయన పేరు మైకు. చెడ్డమనిషి కాదు, చెయ్యెత్తిన మనిషి కాదు, తాగే మనిషి అసలే కాదు. అమ్మ మాట మొదలుపెడితే మాత్రం, బరువు మోసుకొస్తున్న మనిషి చేతిలోంచి సంచి అందుకున్నట్టు ఆ మాట అందుకునేవాడు. మోయడం ఆమెకి కష్టమని ఆయన నమ్మకం.

నేను కోర్టులో స్టెనోని. ఎవరేం చెప్పినా పొల్లుపోకుండా రాసుకోవడం నా ఉద్యోగం. ముద్దాయి తడబడితే ఆ తడబాటు దగ్గర కూడా చుక్కలు పెడతాను. ఇంటికొచ్చాక ఆ శ్రద్ధ నాకుండేది కాదు.

పద్ధతులు నేర్పడానికి వచ్చినావిడ ఆ దేశంలో పదకొండేళ్ళు ఉండి వచ్చింది. వాళ్ళ మాట మనకి, మన మాట వాళ్ళకి చెప్పడం ఆమె పని. నాన్న మొదటి రోజే దుబాసీ మేడమ్ అని పేరు పెట్టాడు. ఆవిడా దానికే పలికింది. మంగళవారం, శుక్రవారం సాయంత్రం ఆరింటికి, తడిసిన చెప్పులు గుమ్మం బయట విడిచి, చేతిసంచిలోంచి ఒక చిన్న తువ్వాలు తీసి కాళ్ళు తుడుచుకుని లోపలికి వచ్చేది. నవ్వు తక్కువ మనిషి.

"అక్కడ ముఖ్యమైనది ఒకటే," అంది మొదటి రోజు. "ఒకరు మాట్లాడి ఆగితే వెంటనే అందుకోరు. మూడు శ్వాసలు ఆగుతారు. చెప్పాల్సింది ఇంకా ఉందేమోనని. అడిగినవాళ్ళూ ఆగుతారు, జవాబు చెప్పేవాళ్ళూ ఆగుతారు. టకీమని చెప్పారంటే ఆలోచించకుండా చెప్పారని అర్థం."

"మూడు శ్వాసలా? ఈలోపు స్టాపు దాటిపోతుంది కదండీ," అన్నాడు నాన్న.

"ఇంకోటి, మధ్యలో ఊ కొట్టరు."

"మరి వింటున్నట్టు ఎదుటివాళ్ళకెలా తెలుస్తుంది?"

"మాట్లాడకుండా ఉన్నారంటే వింటున్నట్టే."

నాన్న నా వైపు చూశాడు. మా ఇంట్లో మాట్లాడకుండా ఉన్నారంటే అలిగారని లెక్క. ఎవరైనా పావుగంట నోరు మెదపకపోతే రెండోవాళ్ళు వెళ్ళి, ఏమైందని గుచ్చి గుచ్చి అడగాలి. నిశ్శబ్దానికి మర్యాద అనే అర్థం కూడా ఉంటుందని మాకెవరికీ తెలియదు.

"ఇంట్లో అలవాటు చేసుకోకపోతే ఆవిడ అక్కడ చెయ్యలేరు," అంది దుబాసీ మేడమ్. "అందుకని ఇది మీ ముగ్గురికీ పాఠం."

ఆ సాయంత్రం ఆవిడ అమ్మని, "మీరు పొద్దున ఎన్నింటికి లేస్తారు?" అని అడిగింది. అమ్మ నోరు తెరిచింది. నాన్న ఐదింటికన్నాడు. నేను నాలుగున్నరకన్నాను. తర్వాత ఆయనా నేనూ ఐదా, నాలుగున్నరా అని వాదించుకున్నాం. దుబాసీ మేడమ్ కలం మూత పెట్టి మా వాదన అయ్యేదాకా కూర్చుంది.

శుక్రవారానికి నాన్నే ఒక ఉపాయం కనిపెట్టాడు. డ్యూటీ విజిలు పళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. మాట్లాడాలంటే దాన్ని తీయాలి, తీసేలోపు గుర్తొస్తుంది. ఉపాయం మంచిదే గానీ, ఊ కొట్టే అలవాటు నోటిది కాదు, ఊపిరిది. అమ్మ ఒక్కో ముక్క చెప్పినప్పుడల్లా విజిలు చిన్నగా కూసేది. ఎదురింటివాళ్ళు కిటికీ తెరిచి చూశారు. అమ్మ నవ్వాపుకోలేక చెప్పేది మర్చిపోయింది. దుబాసీ మేడమ్ కూడా తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుంది.

నవ్వులాటగానే నాలుగు వారాలు గడిచాయి. విజిలు కూతలు గంటకి నలభై నుంచి పదికి తగ్గాయి. నేను లెక్క రాశాను.

ఒక శనివారం దుబాసీ మేడమ్ పాఠం ఫ్యాక్టరీలోనే పెట్టింది. నేనూ వెళ్ళాను. అమ్మ బల్ల కిటికీ పక్కన. వానాకాలంలో తోలు ఊరికే తేమ పట్టి ఉంటుంది, తడిగుడ్డలో చుట్టి ఉంచాల్సిన పని సగం తగ్గుతుంది. అమ్మ ఒక మేకతోలు బల్ల మీద పరిచి, అంచు పట్టుకుని, బొటనవేళ్ళతో నొక్కుతూ సాగదీసింది. తర్వాత అట్టముక్క పెట్టి గీసి, అరచేయీ వేళ్ళూ ఒకే ముక్కగా వచ్చేలా కత్తిరించింది. బొటనవేలికి వేరే ముక్క, వేళ్ళ సందులకి సన్నటి పేలికలు. ఏ ముక్కకి ఎటువైపు సాగే తోలు వాడాలన్నదే విద్య అంతా. తొడుగు అడ్డంగా సాగాలి, నిలువుగా సాగకూడదు.

"ఇప్పుడు నాకు నేర్పండి," అంది దుబాసీ మేడమ్.

"ఇలా," అంది అమ్మ, లాగి చూపిస్తూ.

"ఇలా అనేదాన్ని నేను వాళ్ళ భాషలో చెప్పలేను."

అమ్మ మళ్ళీ లాగింది. "అదే, ఇలాగండీ."

అక్కడ నాన్న లేడు. నాకు ఆ పని తెలియదు. అందించేవాళ్ళు లేక అమ్మ ఆ తోలు వైపే చూస్తూ నిలబడింది. అవతల కుట్టు మిషన్లు ఆగకుండా తిరుగుతున్నాయి.

"ముందు తేలిగ్గా వస్తుంది," అంది చాలాసేపటికి. "ఇష్టంగానే వస్తుంది. ఇంకొంచెం లాగితే వేళ్ళకి బరువు తెలుస్తుంది. ఇక వద్దంటోందని అర్థం. అక్కడ ఆపాలి. వద్దన్నాక కూడా లాగారనుకోండి, అప్పటికి వస్తుంది గానీ, తొడుక్కున్న వారానికి వేళ్ళ దగ్గర వదులైపోతుంది."

దుబాసీ మేడమ్ అంతా రాసుకుంది. నేను కూడా సంచిలోంచి నోటుబుక్కు తీసి రాసుకున్నాను. అమ్మ నోటి నుంచి అంత పొడుగు మాట ఒకేసారి వినడం నాకు అదే మొదటిసారి. నాకప్పటికి ఇరవై ఆరేళ్ళు. సిగ్గేసింది.

సిగ్గేసినంత మాత్రాన బుద్ధి వస్తుందని లేదు. ఆ సాయంత్రమే అమ్మా నేనూ చలికోటు కొనడానికి వెళ్ళాం. షాపతను అమ్మని, "ఏ రంగు చూపించమంటారమ్మా?" అన్నాడు. "బూడిద రంగు చూపించండి, మురికి కనపడదు," అన్నాను నేను. బూడిద రంగు కోటు సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చాం. సోమవారం చూస్తే మేకుకి ఎర్రకోటు వేలాడుతోంది. భోజనాల విరామంలో ఒక్కతే వెళ్ళి మార్చుకొచ్చిందట. నేను దాని గురించి అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఆరోవారం మంగళవారం జరిగింది మాత్రం నాకు మాట మాటా గుర్తుంది. వాన పెద్దగా పడుతోంది. నాన్న విజిలు పెట్టుకుని కుర్చీలో ఉన్నాడు. దుబాసీ మేడమ్ కంపెనీవాళ్ళు అడగబోయే ప్రశ్నల్లో ఒకటి చదివింది.

"ఇంతకుముందు ఎవరికైనా ఈ పని నేర్పారా?"

అమ్మ మూడు శ్వాసలు ఆగింది. "లేదండీ," అంది.

పద్ధతి ప్రకారం దుబాసీ మేడమ్ ఆగింది. నేను ఆగాను. నాన్న ఆగాడు. ఎవరూ అందుకోకపోయేసరికి మిగిలిన మాట కూడా అమ్మ నోటికి వచ్చింది.

"అడిగారొకసారి. పదిహేనేళ్ళయింది. కొత్తవాళ్ళకి నేర్పే షెడ్డు పెట్టినప్పుడు. పాత మేనేజరుగారు ఇంటికొచ్చి ఈ కుర్చీలోనే కూర్చుని అడిగారు. ఆవిడకి ఇంటిపనే సరిపోతుందండీ, వల్లకాదు అన్నారీయన." అమ్మ వంటింటి గుమ్మం వైపు చూసింది. "సరే అందామనుకున్నాను నేను. ఆ మాటతోనే వంటింట్లోంచి వచ్చాను. ఈలోపు అయిపోయింది. మళ్ళీ లోపలికెళ్ళి టీ పెట్టాను."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఏ బస్సు ఎన్నింటికి వెళ్ళిపోయిందో చెప్పినట్టు చెప్పింది. నేను విజిలు కోసం చెవులు రిక్కించాను, అది కూయలేదు. నాన్న దాన్ని నోట్లోంచి తీసి, చొక్కా అంచుకి తుడిచి, జేబులో వేసుకున్నాడు. దుబాసీ మేడమ్ తర్వాతి ప్రశ్న అడిగింది.

ఆ రోజు నుంచి మా ఇంటి మైకు ఆగిపోయింది. పద్ధతి నేర్చుకుని ఆగిపోయిందా, అలిగి ఆగిపోయిందా అన్నది మొదట్లో నాకు అంతుపట్టలేదు. మామూలుగా అయితే అమ్మ వెళ్ళి బతిమాలాలి. ఈసారి వెళ్ళలేదు. ఆయన మాట్లాడేదాకా ఆగడం నేర్చుకుంది కదా, ఆగింది.

నాన్న మాత్రం ఒక్కో పనే మొదలుపెట్టాడు. బట్టలుతికే మిషను ఎలా తిప్పాలో నన్నడిగి కాగితం మీద రాసుకున్నాడు. డ్యూటీ నుంచి వస్తూ ఒక చిన్న గిన్నె కొనుక్కొచ్చాడు. "పెద్దది ఉందిగా," అంటే, "ఇద్దరికి ఇది చాలు," అన్నాడు. మందుల డబ్బాలో అమ్మవీ ఆయనవీ విడదీశాడు. ఎనిమిది నెలలకి ఇంత సర్దుడెందుకో నాకు అర్థం కాలేదు.

ఒక పొద్దున వరండాలో బూట్లు పాలిష్ చేసుకుంటూ తనే తేల్చాడు.

"అమ్మడూ, మీ అమ్మ మళ్ళీ వస్తుందంటావా?"

నేను మూడు శ్వాసలు ఆగుదామనుకున్నాను. ఒకటి కూడా పూర్తి కాలేదు.

"రాదులే," అన్నాడు. "తన మాట చివరిదాకా వినేవాళ్ళు అంతమంది దొరికాక ఈ కొంపకెందుకొస్తుంది? నేనైనా రాను."

బ్రష్షు ఒకే చోట రుద్దుతూనే ఉన్నాడు. ఆ బూటు అప్పటికే అద్దంలా ఉంది. నాకు ఆయన మీద జాలేసింది, ఒళ్ళు కూడా మండింది. ఇన్నాళ్ళ పాఠం తర్వాత కూడా ఈ మనిషి అమ్మ జవాబు తనే చెప్పేసుకున్నాడు. అదీ ప్రశ్న ఆమెదాకా వెళ్ళనివ్వకుండానే. అడిగి చూడు నాన్నా అందామనుకున్నాను. ఆయన బూట్లు తొడుక్కుని డ్యూటీకి వెళ్ళిపోయాడు. పక్క గదిలో అమ్మ బట్టలు మడతపెడుతోంది.

రెండో ఇంటర్వ్యూ నాటికి వానలు వెనకబట్టాయి. అదే గది, అదే బల్ల. నాన్న రానన్నాడు. ఇంటివాళ్ళు కూడా ఉండాలని కంపెనీవాళ్ళే కబురు పెట్టారని దుబాసీ మేడమ్ చెప్తే, వెనక గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఆయన పక్కన నేను. తెర మీద ఈసారి ఒకే మనిషి ఉంది. కంపెనీ యజమానురాలట, డెబ్భై ఏళ్ళుంటాయి. ఆమె మాటల్ని దుబాసీ మేడమ్ మనవైపు, అమ్మ మాటల్ని అటువైపు చేరవేస్తోంది.

ఆరు ప్రశ్నలయ్యాయి. అమ్మ ప్రతిదానికీ ఆగింది, తర్వాత చెప్పింది. రెండుచోట్ల తడబడింది. తడబడ్డచోట యజమానురాలు ఆగింది, మేమూ ఆగాం, అమ్మే పడి లేచి నిలబడ్డట్టు తన మాట తాను సర్దుకుని ముందుకెళ్ళింది. ఎనిమిదిమందిలో ఒకరికి చేత కాకపోతే ఏం చేస్తారని అడిగితే, "చెడగొట్టనిస్తాను. పది తోళ్ళు చెడగొట్టకుండా నాకూ రాలేదు," అంది. యజమానురాలు మొదటిసారి నవ్వింది.

"మాకు సందేహం లేదు," అంది ఆవిడ. "మీ ఇంటివైపు నుంచి ఒక్కటే తెలుసుకోవాలి. చలికాలంలో ఇక్కడ మధ్యాహ్నం మూడింటికే చీకటి పడుతుంది. అలవాటు లేనివాళ్ళు సగంలో వెళ్ళిపోతారు. అలా వెళ్ళిపోతే నేర్చుకునేవాళ్ళు నష్టపోతారు. ఇది ఆమె భర్తని అడుగుతున్నాను. ఆమె ఇక్కడ ఉండగలరా?"

గదిలో అందరూ నాన్న వైపు తిరిగారు. ఆయన జీవితమంతా జవాబు చెప్పిన ప్రశ్న అది. ఉండగలదండీ, బంగారంలా ఉంటుంది అనవచ్చు. ఉండలేదండీ, మమ్మల్ని వదిలి పూట గడవదు అనీ అనవచ్చు. ఆ ఒక్క మాటతో టికెట్టు చింపేయవచ్చు. మేనేజరు గోడ మీది క్యాలెండరు సరిచేశాడు. నేను పన్నెండు దాకా లెక్కపెట్టాను. అమ్మ పెదవులు కదిలాయి, ఆయన ఇబ్బంది చూడలేక తనే అందుకోబోయిందని నాకు తెలిసింది. అందుకోలేదు. బల్ల అంచు పట్టుకుని ఆగింది.

"నాకు తెలీదండీ," అన్నాడు నాన్న. "ఇన్నేళ్ళూ తెలుసనుకున్నాను. ఆవిడ్నే అడగండి."

దుబాసీ మేడమ్ అది అటువైపు చెప్పింది. యజమానురాలు అమ్మ వైపు చూసింది. అమ్మ నాన్న వైపు ఒకసారి చూసి, మళ్ళీ ముందుకి తిరిగింది.

"ఉండగలను," అంది.

దుబాసీ మేడమ్ తెర వైపు తిరిగి నోరు తెరిచింది.

"ఆగండి మేడమ్," అంది అమ్మ. "నా మాట ఇంకా అవలేదు."

రెండు నెలలపాటు మాకు ఆగడం నేర్పినావిడ మొహం కందిపోయింది. "క్షమించండి," అని చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"నాకు భయంగానే ఉంది," అంది అమ్మ. "చీకటికి కాదు, కొత్త మనుషులకి. అయినా వస్తాను. పదిహేనేళ్ళ కిందటి నుంచీ ఎవరికైనా నేర్పాలనుంది నాకు." ఆగింది. ఎవరూ కదల్లేదు. "ఇంకోటుంది. నేను మళ్ళీ తిరిగి రానని ఈయన తనలో తనే తేల్చేసుకున్నాడు. ఆ మాట వరండాలో అంటుంటే విన్నాను. నన్నడగలేదు. అడుగుతాడేమోనని రెండు వారాలు చూశాను. అడగలేదు గాబట్టి ఇక్కడ చెప్తున్నాను. ఎనిమిది నెలలవగానే వచ్చేస్తాను. ఆ ఇల్లు నాది. ఈయన నా మొగుడు. నోరెక్కువ, అంతే. నేను తిరిగొస్తానో రానో చెప్పాల్సింది నేను."

నాన్న అరచేతులతో మొహం రుద్దుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నేను అటు చూడలేదు. మేనేజరు మళ్ళీ క్యాలెండరు వైపు తిరిగాడు.

"ఇప్పుడైంది," అంది అమ్మ దుబాసీ మేడమ్‌తో. "అంతా చెప్పండి. ఏదీ తగ్గించొద్దు."

ఆవిడ మూడు శ్వాసలు ఆగి, చెప్పడం మొదలుపెట్టింది. ఆ భాషలో అమ్మ మాటలకి ఇంకా ఎక్కువసేపు పట్టింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా నాన్నా నేనూ చివరిదాకా విన్నాం.